లోహ లోకం: రాగి రేణువుల గట్ల మీద

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి ఉంది. ఆ పరిసరాలలో మరమగ్గాల షెడ్లు ఉన్నాయి. తెలంగాణ నుంచి తరలివెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో సూరత్‌లో స్థిరపడ్డాయి గనుక ఆ నగరం మనవారికి కొత్త కాదు. మగ్గం నడవాలంటే మోటారుకు విద్యుత్తు అందాలి. అందుకు స్విచ్చులోని సన్నని లోహపు రేకు వేలసార్లు వంగినా స్ప్రింగు వలె యథాస్థితికి వచ్చి గట్టిగా ఒత్తిపట్టాలి. విద్యుత్తును ప్రవహింపజేయడంలో వెండి తరువాతి స్థానం రాగిదే. కాని శుద్ధమైన రాగి మెత్తనిది; స్ప్రింగుగా నిలవదు. అందుచేత మరొక మూలకాన్ని కలిపి దానికి బలం చేకూర్చవలసి ఉంటుంది. ఆ బలం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ నశిస్తుంది అనేదే ఈసారి మనం తెలుసుకోదగిన విషయం.

పటికబెల్లం తయారీని గుర్తుకు తెచ్చుకోండి. వేడి నీటిలో చక్కెర అధికంగా కరుగుతుంది. చల్లారేకొద్దీ నీరు అంత చక్కెరను తనలో ఇముడ్చుకోలేదు. పాకంలో దారాలు వేలాడదీస్తే అదనపు చక్కెర ఆ దారాలను ఆధారం చేసుకొని స్ఫటికాలుగా పెరుగుతుంది. ఘనలోహంలోనూ ఇటువంటి క్రియే జరుగుతుంది. సుమారు 2 శాతం బెరీలియం కలిసిన రాగిని 800 డిగ్రీల సెల్సియస్ సమీపానికి వేడిచేస్తే బెరీలియం పూర్తిగా కరిగిపోతుంది. వెంటనే నీటిలో ముంచి చల్లారిస్తే అది బయటకు రావడానికి వ్యవధి ఉండదు. ఆ తరువాత 320 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు ఉంచితే అతిసూక్ష్మమైన కణాలుగా వెలువడుతుంది. వీటినే అవక్షేపాలు అంటారు. లోహం వంగడమంటే దానిలోని పరమాణు పొరలు ఒకదానిపై ఒకటి జారడమే. ఆ జారుడుకు ఈ కణాలు అడ్డునిలుస్తాయి, లోహం బలపడుతుంది. ఈ విధమైన దృఢీకరణను 1906లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అల్యూమినియం మిశ్రమంలో తొలిసారిగా గమనించాడు.

అయితే అవక్షేపం ఎంత ఏర్పడిందన్నది మాత్రమే కాదు, ఎక్కడ ఏర్పడిందన్నది కూడా ముఖ్యమే. రాగి ముక్క ఏకఖండ స్ఫటికం కాదు. అసంఖ్యాకమైన చిన్న రేణువుల కూర్పు. వర్క్‌షాపులో వీటినే గ్రెయిన్లు అంటాము. రేణువులను వరిమళ్ళు అనుకుంటే, వాటి సరిహద్దులు మళ్ళ మధ్య గట్లు. మడిలో నాట్లు వరుసగా ఉన్నట్లు రేణువు లోపల పరమాణువులు క్రమంగా అమరి ఉంటాయి. గట్టు వద్ద ఆ క్రమం చెదురుతుంది. కొత్త కణం పుట్టాలంటే కొంత శక్తి వెచ్చించాలి. చెదిరిన చోట ఆ వ్యయం తక్కువ. పైగా పరమాణువులు రేణువు లోపలికంటె గట్టు వెంబడి అనేక రెట్లు వేగంగా కదలగలవు. కనుక సరిహద్దు అవక్షేపాలకు పుట్టుచోటూ అవుతుంది, రహదారీ అవుతుంది.

ఈ విషయం కార్మికుల ఆరోగ్యంతో కూడా ముడిపడి ఉంది. బెరీలియం ధూళి, పొగ పీల్చినవారికి నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లో బెరీలియంను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2017లో అమెరికా, పని స్థలంలో అనుమతించే పరిమితిని ఘనపు మీటరు గాలికి 2 మైక్రోగ్రాముల నుంచి 0.2కు తగ్గించింది. అందుచేత బెరీలియంకు బదులు టైటానియం కలిపిన రాగిపై ఆసక్తి పెరిగింది. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాలకు చెందిన ఎస్. నాగార్జున, సహపరిశోధకులు కె. బాలసుబ్రమణియన్, డి. ఎస్. శర్మ ప్రభృతులు 1990ల నుంచి ఈ మిశ్రమాలపై వరుసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు.

రాగి–టైటానియం మిశ్రమాన్ని 400–450 డిగ్రీల వద్ద ఉంచితే, మొదట రేణువుల లోపల నాలుగు రాగి పరమాణువులకు ఒక టైటానియం పరమాణువు చొప్పున కూడిన సూక్ష్మకణాలు అంతటా ఏర్పడి బలాన్నిస్తాయి. మితిమీరిన కాలం ఉంచితే కథ మారుతుంది. గట్టు మీద మొలిచిన కలుపు మడిలోకి పాకినట్లు, సరిహద్దు వద్ద మొలకెత్తిన అవక్షేపం లోపలికి విస్తరిస్తుంది. విశేషమేమంటే, ఇక్కడ గట్టు కూడా కదులుతుంది. అది రేణువులోకి జరుగుతూ, తాను దాటిన మేర సూక్ష్మకణాలను కరిగించి, వాటికి బదులు ముతక పలకలను, వాటి నడుమ టైటానియం తరిగిన మెత్తని రాగిని పొరలు పొరలుగా విడిచిపోతుంది. పలకల మధ్య దూరం ఎక్కువ కనుక జారుడుకు అడ్డు తగ్గుతుంది. రేకు దృఢత్వం పడిపోతుంది.

దీనికి నివారణోపాయాలు లేకపోలేదు. మొదటిది, ఉష్ణోగ్రతను, కాలాన్ని హద్దులో ఉంచడం. రెండవది, ఏజింగుకు ముందు రేకును చల్లని స్థితిలో రోలింగు చేయడం. దీనివల్ల రేణువు లోపల లెక్కలేనన్ని లోపరేఖలు ఏర్పడతాయి; గట్టు కోసం వేచి ఉండక అవక్షేపం లోపలే మొలకెత్తుతుంది. మూడవది, మరొక మూలకాన్ని స్వల్పంగా చేర్చడం. బెరీలియం రాగిలో కలిపే కొద్దిపాటి కోబాల్టు సరిహద్దు అవక్షేపాలను అణచి ఉంచుతుంది. టైటానియం రాగిలో క్రోమియం చేర్చి చేసిన అధ్యయనం 2004లో వెలువడింది.

టైటానియం రాగికి ఒక పరిమితి ఉంది. విద్యుత్ వాహకతలో అది బెరీలియం రాగికంటె తక్కువే. కనుక ప్రతిచోటా ఒకదాని బదులు మరొకటి వాడలేము. కాని బలమే ప్రధానమైన చోట, కార్మికుని ఊపిరితిత్తులకు అపాయం లేని లోహం దొరకడం చిన్న లాభమేమీ కాదు. ఆ లాభం దక్కేదీ లేనిదీ కొలిమి వద్ద పనిచేసే ఉద్యోగి జాగరూకతపై ఆధారపడి ఉంటుంది. నిర్ణీత సమయం మించి కొలిమిలో ఉన్న సరుకు పైకి చూడడానికి మేలైన సరుకు వలెనే మెరుస్తుంది. తేడా పట్టిచ్చేవి కాఠిన్య పరీక్ష, సూక్ష్మదర్శిని, లాగుపుస్తకంలో నిజాయితీగా వ్రాసిన వేళలు. చివరిదానికి ఏ ఖర్చూ లేదు.