‘ణ’తో పేరు చెప్పండి చూద్దాం!

మాది బిలాస్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చాడు. మూడు తరాలు రైల్వే క్వార్టర్లలోనే గడిచాయి. ఊరు మారినా పంచాంగం మాత్రం మమ్మల్ని వదల్లేదు.

ఈమధ్య మా మనవరాలికి బారసాల చేశారు. పాప హస్తా నక్షత్రం మూడో పాదంలో పుట్టిందట. పంతులుగారు లెక్క కట్టి, “‘ణ’ అక్షరం వచ్చింది” అన్నారు. ‘ణ’తో మొదలయ్యే పేరు మీకేదైనా తెలుసా? నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. “ఫరవాలేదు, ‘న’తో పెట్టుకోండి” అన్నారు.

నేను ఊరుకోలేకపోయాను. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. ప్రతి పాదానికీ ఒక అక్షరం. హస్తకి పూ, ష, ణ, ఠ. ఆర్ద్ర మూడో పాదానికైతే ఏకంగా ‘ఙ’! ఇక ‘న’ అనూరాధా నక్షత్రానిది. అంటే కన్యారాశి పాపని వృశ్చికరాశికి బదిలీ చేశారన్నమాట. రైల్వేలో కూడా ఇంత తేలిగ్గా ట్రాన్స్‌ఫర్ దొరకదు! అక్షరానికి నిజంగా శక్తి ఉంటే మార్చకూడదు. మార్చినా ఫరవాలేదంటే ఆ శక్తి లేనట్టే కదా?

“పోనీ నాన్నా, దానివల్ల నష్టమేముంది?” అన్నాడు మా అబ్బాయి. నష్టం ఉంది. ఈ రోజు అక్షరం చెప్పిన లెక్కే రేపు మూలా నక్షత్రం పిల్ల అత్తింటికి అరిష్టమని సంబంధం చెడగొడుతుంది. మొదటిదాన్ని ఒప్పుకున్నవాడు రెండోదాన్ని ఏ మొహంతో కాదంటాడు?

అసలు గొడవ పిలుపు కార్డు దగ్గర వచ్చింది. మా నాన్న పేరు పెంటయ్య. మావాళ్ళు సిగ్గుపడి కార్డులో ‘పి. రావు’ అని వేద్దామన్నారు. ఇక్కడ తెలుగువాళ్ళందరూ రావులే కాబట్టి ఎవరూ అడగరు!

మా నాయనమ్మకి నాన్న కంటే ముందు ముగ్గురు పిల్లలు పోయారు. నాలుగోవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి ఆ పేరు పెట్టింది. పనికిరానిదనుకుని మృత్యువు వదిలేస్తుందని ఆశ. పుల్లయ్య, పిచ్చయ్య వంటి పేర్ల వెనకా ఎన్నో ఇళ్ళలో ఇదే భయం. ఛత్తీస్‌గఢీలోనూ చూడండి: బిసాహు అంటే కొనుక్కున్నవాడు. ఘురవా అంటే పెంటగొయ్యి, మనిషి పేరు కూడా. దుకాలు కరువులో పుట్టినవాడు. భాషలు వేరు, తల్లుల ఏడుపు ఒకటే.

అదీ మూఢనమ్మకమే, నేను వెనకేసుకు రావడం లేదు. పిల్లల్ని బతికించింది పెంటకుప్ప కాదు. టీకాలు, మంచినీళ్ళు, తల్లికి తిండి, ఆస్పత్రి కాన్పు. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాదిలోపే చనిపోయేవారు. 2020 నాటికి అది 28కి తగ్గింది. కానీ మా నాయనమ్మకి వేరే దారి లేదు. టీకా కార్డు చేతిలో పెట్టుకుని ‘ణ’ కోసం వెతుకుతున్న మనకి ఆ సాకు కూడా లేదు. ఎవరిని చూసి సిగ్గుపడాలి?

జ్యోతిషం లేకుండా పేర్లు పెట్టలేమా? గోరా గారు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అనీ, ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడికి సమరం అనీ పెట్టారు. వాళ్ళ జీవితాలకి ఏ లోటూ రాలేదు.

చివరికి ఏమైందంటారా? పాపకి ‘న’తోనే పేరు పెట్టారు. తల్లిదండ్రుల ఇష్టం, నేను అడ్డుపడలేదు. కార్డు మీద మాత్రం ముత్తాత పేరు పెంటయ్య అని పూర్తిగా వేయించాను. పెద్దయ్యాక పాప అడుగుతుంది, ఇదేం పేరు తాతా అని. అప్పుడు చెప్పడానికి నా దగ్గర నిజమైన కథ ఉంది. ‘న’ ఎందుకొచ్చిందో మాత్రం పంతులుగారినే అడగమంటాను.