కావలివానిని ముందు పరీక్షించండి

మా పొదిలిలో పింఛనుకైనా, రేషను బియ్యానికైనా వృద్ధులు చాలావరకు వేలిముద్రే వేయాలి. ఆధార్ సంస్థ నియమం ప్రకారం ఎల్1 పరికరాలలో ఆ ముద్రకు సంతకం, సంకేతలిపి రెండూ ‘ట్రస్టెడ్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్’ అనే అంతఃపురంలోనే జరగాలి.

ఆ అంతఃపురానికి కావలి బూట్‌లోడర్. యంత్రం మేల్కొనగానే, చిప్పులో చెరగని విధంగా నిక్షిప్తమైన గుర్తుతో దాని సంతకం సరిపోలాలి. అది సురక్షిత వ్యవస్థను ముందు నిలిపి, ఆపైనే లినక్సునో ఆండ్రాయిడునో పిలవాలి. ఒక్క పరీక్ష సడలినా లోపలి గోప్యత మిథ్యయే.

2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడ్డ నకిలీ వేలిముద్రల సిమ్‌కార్డు మోసానికి ఇది మందు కాదు. దానికి వేలి సజీవతను పట్టే పరీక్ష కావాలి. అయినా ఎల్1 అన్న చీటీ చూసి తృప్తిపడరాదు. ధ్రువీకరించేవారు బూట్‌లోడర్ అమరికను సైతం శోధించి, ఫలితాన్ని తెలుగులో ప్రకటించాలి. రహస్యపదం పోతే మార్చుకోవచ్చు. వేలిని మార్చుకోలేము కదా!