చేనును పైనుంచే చూశాం

2002 ఖరీఫ్‌లో దేశం మొత్తం మీద సగటు కంటే 19 శాతం తక్కువ వాన పడింది. జులైలో అయితే కురవాల్సినదాంట్లో దాదాపు సగమే కురిసింది. నారుమళ్లు ముదిరిపోయాయి, నాటిన మళ్లు నెర్రెలిచ్చాయి. వ్యవసాయం చదువుకుని దాని మీదే బతుకుతున్నవాళ్లం, అంటే శాఖలో ఉద్యోగులం, కళాశాలల్లో పాఠాలు చెప్పేవాళ్లం, పత్రికల్లో సాగు పేజీలు నింపేవాళ్లం, మా వంతు పని చేశామనే అనుకున్నాం. వరి మానేసి కంది, ఆముదం వేయమన్నాం. స్వల్పకాలిక రకాల పట్టికలు పంచాం. బెట్ట తట్టుకోవడానికి 2 శాతం యూరియా ద్రావణం పిచికారీ చేయమని రేడియోలో చెప్పాం.

సరిగ్గా అదే ఏడాది శాస్త్రవేత్తలు వరిలో ఒక జన్యువును గుర్తించారు. పేరు ఓఎస్‌పీటీ11. వేరులో ఒక శిలీంద్రం కాపురం పెడితేనే అది మేల్కొంటుంది. ఆ శిలీంద్రం మోసుకొచ్చిన భాస్వరాన్ని మొక్క లోపలికి తీసుకోవడమే దాని పని. మరో పదేళ్లకు ఇంకో లెక్క తేలింది. ఆ శిలీంద్రం చేరిన వరి మొక్క పీల్చుకునే భాస్వరంలో 70 శాతానికి పైగా ఈ దారినే రావచ్చట. అది ప్రయోగశాల కుండీల్లోని సంగతి, మన పొలానికి నేరుగా వర్తించదు, నిజమే. కానీ ఆ తర్వాత ఎన్ని బెట్టలు వచ్చినా, మన పొలంలో ఆ లెక్క ఎంత ఉందని మేం అడగలేదు.

ఎరువుల దుకాణంలో ‘వామ్’ పేరుతో పొడిగా అమ్మేది ఈ శిలీంద్రాన్నే. కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. స్కాట్లండ్‌లోని రైనీ దగ్గర 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాలు దొరికాయి. వాటికి ఇంకా అసలైన వేర్లే ఏర్పడలేదు, శిలీంద్రం మాత్రం అప్పటికే లోపల ఉంది. 1885లో జర్మనీలో ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రవేత్త చెట్ల వేర్లకూ శిలీంద్రాలకూ ఉన్న పొత్తుకు మైకోరైజా అని పేరు పెట్టాడు. సరిగ్గా నూరేళ్లకు, 1985లో, మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనే సజ్జ మీద పనిచేసినవాళ్లు ఒక మంచి విషయం ప్రచురించారు: అన్ని రకాలూ ఈ శిలీంద్రాన్ని ఒకేలా రానివ్వవు, రకానికీ రకానికీ తేడా ఉంటుంది. సిటీ బస్సెక్కితే చేరే దూరంలో తేలిన విషయమది. మేం మాత్రం వరి రకం విడుదలైన ప్రతిసారీ ఎన్ని రోజుల పంట, ఎకరానికి ఎన్ని బస్తాలు, దోమపోటు తట్టుకుంటుందా, గింజ సన్నమా లావా అనే అడిగాం. వేరు సంగతి అడిగినవాళ్లు మాలో ఎందరు?

ఇంతకీ ఆ శిలీంద్రం చేసేదేమిటి? నేలలో భాస్వరం బద్ధకంగా కదులుతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదాన్ని లాగేసుకున్నాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, దూరాన ఉన్నది అంత త్వరగా రాదు. కొన్ని మైక్రాన్ల మందమే ఉండే శిలీంద్రపు పోగులు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం పోతాయి, వేరు దూరలేని సందుల్లో దూరతాయి. బదులుగా మొక్క తాను తయారుచేసుకున్న ఆహారంలో 20 శాతం దాకా వాటికి ఇచ్చుకుంటుంది. బెట్ట రోజుల్లో ఈ బేరం విలువ పెరుగుతుంది. తడి తగ్గేకొద్దీ భాస్వరం కదలిక మరీ పడిపోతుంది కాబట్టి మొక్కకు దాహంతో పాటు ఆకలీ మొదలవుతుంది. పోగులు మట్టి రేణువులను కూడగట్టి గుల్లగా ఉంచుతాయి కూడా. దానివల్ల పడ్డ కాస్త వాన ఇంకడానికి వీలవుతుంది.

ఇప్పుడు మా సిఫారసుల చిట్టా తిరగేస్తాను. మొదటిది డీఏపీ. భాస్వరం కరువైన వేరు స్ట్రిగోలాక్టోన్లు అనే పదార్థాలు వదిలి శిలీంద్రాన్ని పిలుస్తుంది. భాస్వరం సమృద్ధిగా దొరికితే ఆ పిలుపు ఆపేస్తుంది; కడుపు నిండినవాడు పొరుగింటి గుమ్మం తొక్కుతాడా? భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువ అని వచ్చిన పొలానికి కూడా రైతు బస్తా మోస్తుంటే మేం చూస్తూ ఊరుకున్నాం. నిలవ నీటిలో ఇనుముతో కట్టుకుపోయిన భాస్వరం కొంత విడుదలవుతుందని, అంటే వరి మడికి బస్తా అవసరం ఆ మేరకు తగ్గుతుందని, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. పైపాటుగా డీఏపీ వేయొద్దని కరపత్రాల్లో రాశాం, దుకాణం దగ్గర నిలబడి చెప్పినవాళ్లం తక్కువ.

రెండోది వేసవి దుక్కి. ఏటా ఏప్రిల్, మే నెలల్లో లోతు దుక్కులు దున్నండని పేజీలకు పేజీలు రాశాం. పురుగుల కోశాలు, కలుపు విత్తనాలు చస్తాయన్నది నిజం. అదే నాగలి శిలీంద్రపు పోగుల వలనూ తెంచుతుంది. జార్ఖండ్‌లోని హజారీబాగ్ మెట్ట వరి పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి ఈ చిక్కు మీద పనిచేసింది. వేసవి దుక్కుల మధ్య ఎంత ఎడం ఉండాలి, వరి తర్వాత ఏ పంట వేస్తే నేలలో శిలీంద్రం నిలుస్తుంది అని పరీక్షించి, దుక్కి వేళలనూ పంట మార్పిడినీ కలిపి సూచించింది. అక్కడినుంచి వచ్చిన సహభాగి ధాన్ రకం గురించి, బెట్ట తట్టుకుంటుందని, మేమూ రాశాం. ఆ దుక్కి సంగతి మాత్రం వదిలేశాం. విత్తనం సంచిలో వస్తుంది, పంచి ఫోటో దిగొచ్చు. దుక్కుల మధ్య ఎడానికి ఏ సంచీ ఉండదు.

మూడోది ఇంకా గుచ్చుకునేది. నీరు నిలిచిన మాగాణిలో ఈ శిలీంద్రం పెద్దగా నిలవదు. అందుకే వరికి దీంతో పని లేదని మాకు మేమే తీర్పు చెప్పుకున్నాం. 1990ల్లో జపాన్‌లో ప్రచురించిన ప్రయోగాల్లో, మెట్ట నారుమడిలోనే శిలీంద్రాన్ని అంటించిన నారును నీటి మడిలో నాటినా ఉపయోగం కనిపించింది. మరి మెట్ట నారుమడికి మా సిఫారసు? కిలో విత్తనానికి 3 గ్రాముల కార్బండాజిమ్. శిలీంద్రం లేని మడి కావాల్సినప్పుడు పరిశోధకులు వాడుతూ వచ్చిన బెనోమిల్ నేలలో విరిగి మారేది కార్బండాజిమ్‌గానే. విత్తనానికి పట్టించిన ఆ కాస్త మందు నారుమడినంతా పాడుచేస్తుందని నేననను, అగ్గితెగులుకు భయపడాల్సిందే. ఎంత మేర పాడుచేస్తుందో మన మళ్లలో కొలిచి చెప్పాల్సింది మేమేనని మాత్రం అంటాను. శిలీంద్రం అనగానే చంపే మందు వెతకడం మాకు చదువుతో వచ్చిన అలవాటు.

ఇన్నీ చేశాక మళ్లీ దాన్నే పొట్లం కట్టి అమ్మాం. సజీవమైన వేరు లేకుండా ఈ శిలీంద్రం తనంతట తాను పెరగదు, అందుకే నమ్మకంగా తయారుచేయడం కష్టం, నాణ్యత తేల్చడం ఇంకా కష్టం. అయినా రాయితీ మీద వచ్చిన పొడిని, గడువు తేదీ కూడా చూడకుండా, డీఏపీ బస్తా పక్కనే పెట్టి చేతికిచ్చాం. రైతు వేశాడు, ఏ తేడా కనిపించలేదు, మరోసారి అడగలేదు. ‘రైతులకు అవగాహన లేదు’ అని నివేదికలో రాసుకున్నాం.

దీన్ని మహిమగా చూపించడం నా ఉద్దేశం కాదు. 2024 యాసంగిలో బోర్లు వట్టిపోయి తెలంగాణలో వరి పొట్ట దశలో ఎండింది. అక్కడ ఏ శిలీంద్రమూ ఆదుకునేది కాదు. నీళ్లు లేని చోట వరి వేయించిన విధానాల తప్పు వేరే ఉంది, దాన్ని వేరు మీదికి నెట్టకూడదు. పది రోజులు వాన మొహం చాటేస్తే చేను నిలుస్తుందా అన్న చోటే దీని అసలు లెక్క. ఆ పది రోజులే చిన్న రైతుకు పంట.

2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులో 12 అంశాలున్నాయి. ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని నుంచి బోరాన్ దాకా. నేలలో బతికున్నదాని లెక్క ఒక్కటీ లేదు. ఆ కార్డులు సంచుల్లో పెట్టుకుని ఊరూరా తిరిగింది మేమే, అది లేదేమని పై అధికారిని అడగనిదీ మేమే.

ఇప్పుడు కూలీలు దొరక్క, నీళ్లు చాలక దమ్ము లేకుండా విత్తే వరి పెరుగుతోంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎదలు వేయడం పాత అలవాటే. పొడి నేలలో మొలిచిన ఈ వరికి తొలి వారాల్లో నీరు నిలవదు, శిలీంద్రం వేరులోకి రావడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు. ఈ పద్ధతి మీద మేం వేసిన కరపత్రాల్లో నేను చూసినవాటిలో పెండిమిథాలిన్ ఎప్పుడు చల్లాలో, బిస్‌పైరిబాక్ సోడియం ఎంత కలపాలో మోతాదులతో సహా ఉంది. భాస్వరం మొత్తం దుక్కిలోనే వేయమని ఉంది. వేరు ఊసు ఒక్క వాక్యంలోనూ లేదు. ఆ కరపత్రాలు దిద్దేవాళ్లం కూడా మేమే.