డాక్టరు సాక్ష్యానికి ఫీజు, కూలోడి సాక్ష్యానికి వెట్టి

కోర్టు బోనెక్కే సాక్షులు చట్టం లెక్కలో రెండు రకాలు. కళ్లతో చూసింది చెప్పేవాళ్లు ఒక రకం. తమ విద్యతో తేల్చింది చెప్పేవాళ్లు రెండో రకం. పోస్టుమార్టం చేసిన డాక్టరు, నెత్తుటి మరకలు పరీక్షించిన లాబరేటరీ అధికారి, వేలిముద్రలు చూసేవాడు, చేతిరాత పోల్చేవాడు - వీళ్లను నిపుణ సాక్షులంటారు. సివిలు దావాల్లో ఈ నిపుణులకు దారిఖర్చుతో పాటు అదనంగా ప్రతిఫలం కూడా ఇప్పించవచ్చని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్తోంది. 16వ ఆర్డరు, 2వ రూలు. బోనులో నిలబడ్డ కాలానికే కాదు, ఆ కేసు కోసం ముందుగా కూచుని చేసిన పనికి కూడా. ఇక క్రిమినల్ కేసుల్లో సర్కారు డాక్టరు కోర్టుకు రావడం డ్యూటీ కిందే లెక్క. ఆ రోజు జీతం ఎక్కడికీ పోదు.

ఇవ్వనీ. మాకు కడుపుమంట లేదు. నిపుణుడి సాక్ష్యం విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు చచ్చారో, ఎక్కడ చచ్చారో, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది. ఎప్పుడు చచ్చారన్నది డాక్టరు తేల్చాల్సిన సంగతి. ఎవరు చంపారన్నది చూసినవాడు చెప్పాల్సిన సంగతి. ఈ ఇద్దరిలో ఎవరి మాట బలహీనపడినా కేసు కూలుతుంది. కాబట్టి డాక్టరు రావాలి, కాగితాలు చదువుకుని రావాలి, అందుకు డబ్బివ్వాల్సొస్తే ఇవ్వాలి.

మేం అడిగేది వేరు. డాక్టరు కాలానికి వెల ఉన్నప్పుడు నాట్లేసే మనిషి కాలానికి వెల లేదా?

నైపుణ్యం అంటారా, అది మనవాళ్లకు లేక కాదు. పొలిమేర తగాదా వస్తే పూర్వం ఎవర్ని పిలిచేవాళ్లు? ఊరి వెట్టివాణ్ణి. ఏ రాయి ఎక్కడ పాతారో, ఏ గట్టు ఎటు జరిగిందో అతనికి తెలుసు. ఏ తూము కింద ఎంత నీరు పారుతుందో నీరటికాడికి తెలుసు. తోలు చేతబట్టి పశువు సంగతి చెప్పగల మాదిగ పెద్దలున్నారు. 1872 సాక్ష్య చట్టం 45వ సెక్షను నైపుణ్యం ఉండాలంది గానీ పట్టా ఉండాలనలేదు. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షను, శాస్త్రం, కళలతో పాటు ఏ ఇతర రంగమైనా అని కూడా చేర్చింది. అయినా మనవాడి విద్యకు ఏ కాలంలోనూ ఫీజు లేదు. చెప్పించుకున్నారు, పొమ్మన్నారు. దాని పేరే వెట్టి.

ఇప్పుడు కోర్టులో జరుగుతున్నదీ అదే. సమను వస్తుంది. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని జిల్లా కేంద్రానికి పోవాలి. ఆ రోజు కూలి గోవిందా. ఆడమనిషైతే ఒంటరిగా పోలేదు, తోడొచ్చినవాళ్ల కూలీ పాయె. పదకొండింటికి పిలుస్తారనుకుంటే మధ్యాహ్నం దాకా చెట్టుకింద కూచోబెట్టి, ముద్దాయిల ప్లీడరు టైమడిగాడు, వచ్చే నెల రమ్మంటారు. అట్లా మూడుసార్లు, నాలుగుసార్లు. ముద్దాయి మాత్రం కారులో వస్తాడు. పైగా మనవాడు రేపు పనికి పోవాల్సింది ఆ ముద్దాయి బంధువుల పొలానికే. చివరికి సాక్షి అడ్డం తిరిగితే "మాలమాదిగలు అమ్ముడుపోయారు" అని నవ్వేవాళ్లున్నారు. మన సంఘాల్లోనూ కొందరు అదే మాటంటారు. నాలుగు వాయిదాలకు నాలుగు కూళ్లు పోగొట్టుకున్నవాణ్ణి అనేముందు, ఆ నాలుగు రోజులూ వాడింట్లో పొయ్యి వెలిగిందా అని అడిగామా?

సాక్షులను తిప్పితిప్పి చంపుతున్నారని, బత్తా కూడా వేళకు ఇవ్వరని సుప్రీంకోర్టే 2000లో స్వరణ్ సింగ్ కేసులో వాపోయింది.

మామూలు క్రిమినల్ కేసుల్లో సాక్షి ఖర్చులు ఇప్పించడం కోర్టు ఇష్టం. అట్రాసిటీ కేసుల్లో అట్లా కాదు. ఇది మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. 1989 చట్టం కింద 1995లో చేసిన రూల్సులో 11వ రూలు ఉంది. బాధితులకూ సాక్షులకూ రానుపోను రైలు లేదా బస్సు ఛార్జీ ఇచ్చి తీరాలి. వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా రోజు బత్తా ఇవ్వాలి. తిండి ఖర్చు దానికి అదనం. ఆడవాళ్లకు, మైనరు బాధితులకు, అరవై దాటినవాళ్లకు, నలభై శాతం పైన వికలాంగులైనవాళ్లకు తమకిష్టమైన తోడు మనిషిని తెచ్చుకునే హక్కుంది. ఆ తోడు మనిషికీ ఇవన్నీ ఇవ్వాలి. ఇదంతా అప్పటికప్పుడు, మహా అయితే మూడు రోజుల్లో కలెక్టరో ఆర్డీవోనో చెల్లించాలి. కోర్టు వాయిదాకే కాదు, దర్యాప్తు అధికారి దగ్గరికి తిరిగిన రోజులకు కూడా. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న 15-ఎ సెక్షను, ఈ ఖర్చులు ఇప్పించే బాధ్యత ప్రత్యేక కోర్టు మీద కూడా పెట్టింది.

రూలు ఇంత స్పష్టంగా ఉంటే డబ్బు ఎందుకు రాదు? అడిగేవాడు లేడు గనక. కోర్టు కానిస్టేబులు సమను ఇస్తాడు గానీ బత్తా సంగతి చెప్పడు. ఆర్డీవో ఆఫీసుకు పోతే బడ్జెట్ లేదంటారు. రూలులో బడ్జెట్ ఉంటేనే అనే మాట లేదు.

కొత్త క్రిమినల్ చట్టాలు నిపుణుడి సౌకర్యం బాగానే చూశాయి. రిపోర్టు రాసిన డాక్టరు బదిలీ అయితే ఆయన స్థానంలో ఉన్న అధికారి చెప్పొచ్చు, అదీ వీడియోలో చెప్పొచ్చు. మంచిదే. మన సాక్షి చూసిన చూపును ఇంకొకడు చెప్పలేడు గదా, అతన్ని తేలికగా తెచ్చే ఏర్పాటేది? చుండూరు బాధితులు దీనికి జవాబు చూపించారు. పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. సాక్షి కోర్టు దగ్గరికి పోకుండా కోర్టే సాక్షి దగ్గరికి వచ్చింది.

కార్యకర్తలు ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. వాయిదాకు పోయిన ప్రతి సాక్షీ బస్సు టిక్కెట్లు దాచుకోవాలి. వచ్చినట్టు కోర్టు ఆఫీసులో హాజరు సర్టిఫికెట్ రాయించుకోవాలి. సాక్షులు వచ్చి ఉండగా వాయిదా వేస్తుంటే, ఖర్చులు అడిగినవాడి మీద వేయమని మన పి.పి. చేత అడిగించాలి, ఆ అధికారం కోర్టుకు ఉంది. అర్జీ రెండు కాపీలు రాసి ఒకటి ఆర్డీవోకిచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోవాలి. మూడు రోజులు దాటితే ఆ కాపీ తీసుకుని జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందు పెట్టాలి. ఆ కమిటీ మూడు నెలలకొకసారైనా కూచోవాలని రూలు.

మీ ఊళ్లో నడుస్తున్న అట్రాసిటీ కేసుల్లో ఎంతమంది సాక్షులు, ఎన్ని వాయిదాలు తిరిగారు, బత్తా ఎంత ముట్టింది - ఈ మూడు లెక్కలు ఒక కార్డు మీద రాసి మాకు పంపండి. సాక్షుల పేర్లు రాయొద్దు. జిల్లాలవారీగా వచ్చే సంచికల్లో వేస్తాం, కలెక్టర్లకూ పంపుతాం.