బెస్ట్ ప్లేయర్ అంటే ఎక్కువ పాయింట్లు కొట్టినోడేనా?

మన కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లో బెస్ట్ ప్లేయర్ కప్పు ఎవరికొస్తుందో ఫైనల్‌కి ముందే చెప్పేయొచ్చు. పాయింట్లు ఎవరివి ఎక్కువుంటే వాళ్లకే.

అమెరికాలో ఏసీసీ అనే కాలేజీల కాన్ఫరెన్స్ 1954 నుంచి ఏటా ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ ఇస్తోంది. 1984లో అది మైఖేల్ జోర్డాన్‌కి వచ్చింది. డేవిడ్ థాంప్సన్ అయితే 1973, 74, 75 వరుసగా మూడేళ్లు కొట్టేశాడు. తర్వాతెప్పుడో డిఫెన్స్‌కి వేరే అవార్డు పెట్టారు. అంటే పెద్ద అవార్డు డిఫెండర్లను సరిగ్గా చూడట్లేదని ఒప్పుకున్నట్టే కదా?

మన దగ్గర ఆ రెండోదీ లేదు. అసలు మన స్కోర్ షీట్ చూడండి. పాయింట్లు, ఫౌల్స్, టైమ్ అవుట్లు, అంతే. మ్యాచ్ మొత్తం ఎదుటి స్టార్‌ని కదలనివ్వనోడి పేరు పక్కన ఎక్కేది ఫౌల్స్ మాత్రమే! మా పగిడ్యాల వైపు కబడ్డీలో కూతకొచ్చినోడి కాలు పట్టినోడికే గట్టిగా ఈలలు పడతాయి. వాళ్లకి ఏ షీటూ అక్కర్లేదు.

ఆ సర్టిఫికెట్ రెజ్యూమేలోకి ఎక్కుతుంది కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు. నా మాటైతే, ఓటు ఓడిన టీముల కెప్టెన్లకివ్వాలి. తమని ఎవరు ఆడనివ్వలేదో వాళ్లకి బాగా తెలుసు. ఈసారి స్పోర్ట్స్ మీటింగ్‌లో అడుగుతా, మీరూ రండి.