ధావన్ ని ఇచ్చేయడం తప్పా?

మొన్న రాజమండ్రి వెళ్తే గోదావరి గట్టు మీద ఫ్రెండ్స్ తో పాత గొడవే మళ్ళీ మొదలైంది.. సన్‌రైజర్స్ ధావన్ ని వదులుకోవడం తప్పా, ఒప్పా అని.

2018 చివర్లో, తనకిచ్చే రేటు నచ్చని ధావన్ ని ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకున్నారు. 2020 క్వాలిఫయర్ లో అదే ధావన్ 78 కొట్టి మనల్ని ఇంటికి పంపాడు. తెగ తిట్టుకున్నాం. కానీ అప్పట్లో 18 ఏళ్ళ కుర్రాడైన అభిషేక్, 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు బాదాడు. జట్టు ఫైనల్ కి వెళ్ళింది. కాబట్టి లెక్క తప్పలేదు.

నా మటుకు నాకు అసలు తప్పు జరిగింది 2021లో. 2016లో కప్పు తెచ్చిన వార్నర్ ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేసి, మర్నాడే జట్టులోంచి కూడా తప్పించారు. అప్పటికే ఆరింట్లో అయిదు ఓడిన మాట నిజమే. కానీ కారణం కూడా చెప్పలేదని తర్వాత వార్నరే వాపోయాడు. అంతటివాడికే దిక్కులేకపోతే మిగతావాళ్ళకి గుండె జారదూ? మిగిలిన 8 మ్యాచుల్లో గెలిచింది రెండే, చివరికి ఆఖరి స్థానం.

ఒకసారి మా లీడ్ నీ ఇలాగే రాత్రికి రాత్రి వేరే ప్రాజెక్టుకి పంపేశారు. ఆయన కోడ్ కి కేటీ ఇచ్చి వెళ్ళాడు. మేమంతా ఆ వారమే రెజ్యూమెలు దుమ్ము దులిపాం :)

మనుషుల్ని మార్చుకోండి, తప్పులేదు. కానీ ముందు కూర్చోబెట్టి చెప్పండి. మిగిలినవాళ్ళు చూస్తూనే ఉంటారు.. ఏమంటారు?