వికిరణ మూలాలకు స్టాకు రిజిస్టరు చాలదు

వ్యవసాయ పరిశోధనలో వికిరణ మూలాల వినియోగం కొత్తది కాదు. ఉత్పరివర్తన ప్రజననానికి కోబాల్ట్-60 గల గామా ఛాంబరును, నేల తేమను కొలవడానికి అమెరీషియం-బెరిలియం గల న్యూట్రాన్ ప్రోబును వాడుతున్నారు. వీటి కొనుగోలు, వినియోగం, విసర్జన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో జరగాలి. ఈ నిబంధనలు పరిశోధనకు అడ్డంకి అనే విమర్శ ఉంది. 2010 నాటి మాయాపురి ఘటన దానికి సమాధానం.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1985 నుంచి వాడకుండా ఉన్న గామా పరికరాన్ని 2010లో పాత సామానుగా వేలం వేశారు. తుక్కు దుకాణంలో దానిని విడగొట్టగా పలువురు వికిరణానికి గురయ్యారు, ఒకరు మరణించారు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. అంటే 1985 నాటి క్రియాశీలతలో అప్పటికి మిగిలినది సుమారు 4 శాతమే. అదీ ప్రాణాంతకమైంది.

అప్పుడు లోపించినది నియమం కాదు, సంస్థాగత జ్ఞాపకం. పరికరాన్ని వాడిన శాస్త్రవేత్త పదవీ విరమణ చేస్తారు. మూలం మాత్రం గదిలోనే ఉంటుంది. అమెరీషియం-241 అర్ధాయువు సుమారు 432 సంవత్సరాలు.

కావున ప్రతి విభాగం వికిరణ మూలాలకు ప్రత్యేక రిజిస్టరు నిర్వహించి, ఏటా భౌతికంగా తనిఖీ చేయాలి. వికిరణ భద్రతాధికారి సంతకం లేనిదే ఏ మూలాన్నీ నిరుపయోగ వస్తువుల జాబితాలో చేర్చరాదు. మూలాన్ని సురక్షితంగా తిప్పి పంపే వ్యయాన్ని కొనుగోలు ప్రతిపాదనలోనే చూపాలి. లైసెన్సు పొందడంతో బాధ్యత మొదలవుతుంది. మూలాన్ని సురక్షితంగా అప్పగించేవరకు అది తీరదు.